ఊదా, ఒడిపిలా? వరి చేలో తేల్చుకోవడం ఎలా

ఊద, ఒడిపిలి వరి చేలో మొలిచే రెండు కలుపు గడ్డులు. కలుపు తీసేవాళ్ళు రెంటినీ ఊద అనే అంటారు, రెంటినీ పీకేస్తారు. చేత్తో పీకినన్నాళ్ళూ ఆ తేడాతో ఎవరికీ పని లేదు. వరి వెదజల్లినప్పుడో, డ్రమ్ సీడర్‌తో వేసినప్పుడో, వరి కోశాక మాగాణిలో మినుము చల్లినప్పుడో ఆ పని పడుతుంది. ఎందుకంటే ఈ రెండు గడ్డులూ చేను గురించి రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఒడిపిలి గుంపుగా మొలిచిందంటే అక్కడ నేల ఆరింది, లేదా మెరకగా ఉంది. ఊద మొలిచిందంటే నీరు ఉన్నా సరిపోలేదు, లేదా విత్తనంతోనో నారుతోనో వచ్చింది. మందు డబ్బా కొనే ముందు ఇది తెలిస్తే వచ్చే పంటకి సగం పని అప్పుడే అయిపోతుంది.

శాస్త్రం ప్రకారం ఒడిపిలి ఎకైనోక్లోవా కొలోనా, ఊద ఎకైనోక్లోవా క్రస్-గల్లి. రెండూ ఒకే ప్రజాతి, రెండూ ఏకవార్షికాలు, రెంటిలోనూ క్రోమోజోములు 54. ఊళ్ళలో పేర్లు అటూ ఇటూ మారుతుంటాయి కాబట్టి ఎవరైనా "మా చేలో ఊద" అంటే అది ఏదో మొక్క చూశాకే నమ్మాలి. మనం అన్నం వండుకునే ఊదలు ఒడిపిలి వంశంలోంచి మన దేశంలో సాగులోకి వచ్చినవే. జపాన్ వాళ్ళు పండించే ఊదలు ఊద వంశంలోంచి వచ్చాయి. కాబట్టి దగ్గరి చుట్టాలన్న మాటలో సందేహం లేదు. పోలికలు కలవడమే మన కష్టానికి కారణం.

ముందు కావలసినవి

పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు, ఒక తెల్ల కాగితం, నాలుగైదు ప్లాస్టిక్ సంచులు, రాసుకోవడానికి పెన్సిల్. బాల్‌పెన్ తడిస్తే అలుక్కుపోతుంది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు వెళ్ళండి. మధ్యాహ్నం ఆకులు చుట్టుకుపోయి వెడల్పు కొలవడానికి పనికిరావు.

మొక్కను వేళ్ళతో సహా పీకండి. పైనుంచి తుంచిన కంకి ఒక్కటే తెస్తే మొదలు ఎలా ఉందో, కణుపుల దగ్గర వేళ్ళు వచ్చాయో లేదో చూడలేరు. ఒక చోటే పది పీకకుండా గట్టు మీద రెండు, చేను మెరకలో రెండు, పల్లంలో రెండు, కాలువ నీరు చేలో పడే చోట రెండు పీకండి. ఏ సంచిలోది ఎక్కడిదో అప్పటికప్పుడే చీటీ రాసి లోపల వేయండి. ఇంటికి వచ్చాక రాద్దామనుకుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి అడుగు: అది వరి కాదని తేల్చడం

ఆకు, కాండాన్ని చుట్టిన తొడుగు కలిసే చోటు చూడాలి. ఆకును మెల్లగా వెనక్కి వంచి, తొడుగును కాండం నుంచి కాస్త లాగి, లోపలి వైపు చూడండి. వరికి అక్కడ పలచటి తెల్లటి పొర ఒకటి పైకి లేచి ఉంటుంది, కొస రెండుగా చీలి ఉంటుంది. దీన్నే జిహ్విక అంటారు. దాని పక్కన కొడవలిలా వంగిన, నూగున్న చిన్న చెవులు కూడా ఉంటాయి. ఊదకూ ఒడిపిలికీ ఈ రెండూ లేవు. ఆ చోటు నున్నగా ఉంటుంది.

ఇక్కడ పొరపాట్లు రెండు రకాలు. ఒకటి, బాగా లేత మొలకలో మొదటి ఆకుల దగ్గర చూడటం. అక్కడ వరికి కూడా జిహ్విక సరిగా కనబడదు. మూడో ఆకు వచ్చాక దాని దగ్గర చూడండి. రెండు, ముదురు ఆకు దగ్గర చెవులు రాలిపోయి ఉంటే వరిని కూడా కలుపు అనుకోవడం. చెవుల్ని పట్టించుకోకండి, జిహ్వికనే నమ్మండి. చేలో తేడాగా కనిపించే మొక్కకు జిహ్విక ఉంటే అది అడవి వరో, వరిలో వచ్చిన కేళీనో (వేరే రకం వరి మొక్క) అయి ఉంటుంది. దాని సంగతి వేరు.

జిహ్విక చోట పొర కాకుండా వెంట్రుకల వరుస కనిపిస్తే ఈ రెండింటిలో ఏదీ కాదు. చెరువుల్లో, లోతు కాలువల్లో నీటి మీద పాకే ఎకైనోక్లోవా స్టాగ్నినా అనే బహువార్షిక గడ్డికి అలా ఉంటుంది. వేరే ప్రజాతుల గడ్డులు చాలా వాటికి కూడా ఉంటుంది.

కంకి రాకముందు: అనుమానం వరకే

పిలకల దశలో ఈ రెండింటినీ వేరు చేయాలని అందరూ అడుగుతారు, ఎందుకంటే మందు కొట్టేది అప్పుడే. ఆ దశలో నూటికి నూరు పాళ్ళు తేల్చే గుర్తు ఏదీ లేదు. కొన్ని గుర్తుల్ని కలిపి చూస్తే మాత్రం ఒక వైపు మొగ్గవచ్చు.

ఆకు వెడల్పు కొలవండి. పూర్తిగా విచ్చుకున్న ఆకును, బారులో సగం దగ్గర, స్కేలు మీద పరిచి చూడాలి. ఒడిపిలి ఆకు చాలావరకు 3 నుంచి 6 మిల్లీమీటర్లు, బలమైన నేలలో 10 దాకా వస్తుంది. ఊద ఆకు 5 నుంచి మొదలై సారవంతమైన చేలో 20 దాటుతుంది. అంటే 5 నుంచి 10 మధ్య వచ్చిన కొలత ఏమీ చెప్పదు. 12 వస్తే మాత్రం ఊద అని రాసుకోవచ్చు.

తర్వాత రంగు. ఒడిపిలి ఆకుల మీద కొన్నిసార్లు అడ్డంగా ఊదారంగు పట్టీలు ఉంటాయి. ఉంటే అది బలమైన సూచన. లేకపోతే ఏమీ తేలదు, పట్టీలు లేని ఒడిపిలి బోలెడు. ఆకు, తొడుగు కలిసే చోట గోధుమ-ఊదా మచ్చ కూడా ఒడిపిలిలో తరచుగా కనిపిస్తుంది. కాండం మొదట్లో ఎరుపు మాత్రం రెంటికీ ఉంటుంది, దాన్ని వదిలేయండి.

నిలబడే తీరు చూడమని కొందరు చెబుతారు: ఒడిపిలి నేల మీద పరుచుకుంటుంది, ఊద నిటారుగా లేస్తుంది. గట్టు మీద విడిగా ఉన్న మొక్కల్లో ఇది నిజమే. ఒడిపిలి కింది కణుపుల నుంచి వేళ్ళు దిగి పక్కకు పాకుతుంది. కానీ ఒత్తుగా ఉన్న వరి మధ్య వెలుతురు కోసం ఒడిపిలి కూడా నిటారుగా లేస్తుంది. బాగా తొక్కుడు పడిన చోట ఊద కూడా పక్కకు పడుకుంటుంది. ఎత్తు విషయంలోనూ అంతే. ఒడిపిలి సాధారణంగా 70 సెంటీమీటర్లు దాటదు, ఊద మీటరు దాటి 2 మీటర్ల దాకా పోగలదు. అయితే నీరందని ఊద మోకాలెత్తులోనే కంకి తీస్తుంది. పొడుగ్గా ఉంటే ఊద అనడం సబబే. పొట్టిగా ఉంటే ఒడిపిలి అనడం సబబు కాదు.

ఊదలో కొన్ని రకాలు పిలకల దశలో అచ్చంగా వరిలాగే నిటారుగా, పచ్చగా ఉంటాయి. శతాబ్దాలుగా చేత్తో కలుపు తీసే చేలల్లో, తేడాగా కనిపించినవి పీకబడి, వరిలా ఉన్నవి మిగిలి విత్తనం రాల్చాయి. చైనాలో యాంగ్జీ నది లోయ ఊదపై 2019లో వచ్చిన జన్యు పరిశోధన ఈ మార్పు దాదాపు వెయ్యేళ్ళ కింద మొదలైందని చూపింది. అందుకే వరి దుబ్బులో కలిసి ఉన్న మొక్క దగ్గర కంటిచూపును కాక జిహ్వికను నమ్మాలి.

తేల్చేది కంకి

కంకి పూర్తిగా బయటికి వచ్చిన మొక్క దొరికితే పని సులువు. ఒక్కో మొక్కకూ ముఖ్య కాండం మీది కంకినే తీసుకోండి. ఆలస్యంగా వచ్చిన పిలక కంకులు చిన్నవిగా, కొమ్మలు తక్కువగా ఉండి ఊదను కూడా ఒడిపిలిలా చూపిస్తాయి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

కంకిని తెల్ల కాగితం మీద పరిచి, కింది నుంచి రెండో కొమ్మను విడదీయండి. భూతద్దంతో ఆ కొమ్మ మొదట్లో చూడండి. అక్కడి నుంచి మళ్ళీ చిన్న ఉపకొమ్మ చీలిందా? గింజలు నేరుగా కొమ్మకే అంటుకుని ఉన్నాయా, లేక రెండు మూడు గింజలు ఒక చిన్న కాడ మీద కలిసి ఉన్నాయా? ఒడిపిలిలో ఉపకొమ్మలు ఉండవు. కొమ్మ ఒక్కటే సూటిగా ఉంటుంది, దాని ఒక వైపున గింజలు నాలుగు వరుసల్లో పూసలు గుచ్చినట్టు పొందికగా ఉంటాయి. ఊదలో పొడుగు కొమ్మలకు, ముఖ్యంగా కింది వాటికి, పొట్టి ఉపకొమ్మలు ఉంటాయి. అవి గింజల కింద దాగి ఉంటాయి కాబట్టి కొమ్మను గోటితో కాస్త విప్పితే కానీ కనబడవు. వరుసలు చెదిరిపోయి గుబురుగా ఉంటాయి.

నా దృష్టిలో ఈ ఒక్క గుర్తే మిగతా అన్నింటికంటే నమ్మదగ్గది. సమయం లేకపోతే దీన్ని మాత్రం చూసి వెళ్ళండి.

సమయం ఉంటే కొలతలు కూడా తీసుకోండి. ఒడిపిలి కంకి మొత్తం 2 నుంచి 12 సెంటీమీటర్లు, నిటారుగా ఉంటుంది. కొమ్మలు 5 నుంచి 10 దాకా, ఒక్కోటి చాలావరకు 1 నుంచి 2 సెంటీమీటర్లే. ఒక కొమ్మకూ దాని పై కొమ్మకూ మధ్య ఖాళీ కాండం స్పష్టంగా కనిపిస్తుంది. ఊద కంకి 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కొమ్మలు 10 సెంటీమీటర్ల దాకా వస్తాయి, గింజ బరువెక్కాక కంకి ఒక పక్కకు వాలుతుంది. కంకి కాండం మీద, కొమ్మలు చీలే చోట, మొదట్లో చిన్న బుడిపె ఉన్న గట్టి వెంట్రుకలు ఊదలో ఉంటాయి. ఒడిపిలిలో అవి చాలా తక్కువ, లేదా అసలు ఉండవు.

గింజను కొలిచే తీరు

ఒక్క గింజ కొలిచి రాసుకుంటే తప్పు వస్తుంది. కంకి నడిమి కొమ్మల నుంచి పది గింజలు తీసి, స్కేలు పక్కన ముట్టీ ముట్టనట్టు వరుసగా పేర్చి, మొత్తం పొడవును పదితో భాగించండి. గింజ కొసన వెంట్రుకలా పొడుచుకొచ్చే మీసం ఉంటే దాన్ని కత్తిరించాకే కొలవాలి. ఒడిపిలి గింజ పొట్టుతో సహా 2 నుంచి 3 మిల్లీమీటర్లు, ఊద గింజ 2.5 నుంచి 4. సగటు 2.3 వస్తే ఒడిపిలి, 3.5 వస్తే ఊద. 2.7 వస్తే ఉపకొమ్మల దగ్గరికి తిరిగి వెళ్ళండి.

మీసం గురించి ఒక మాట. ఒడిపిలి గింజకు మీసం ఉండదు, కొస మొనదేలి ఆగిపోతుంది. ఊద గింజకు మీసం ఉండొచ్చు, లేకపోనూవచ్చు. ఒక్కోసారి ఒకే కొమ్మ మీద కొన్నింటికి ఉండి కొన్నింటికి ఉండదు, ఉంటే 5 సెంటీమీటర్ల దాకా పోగలదు. కాబట్టి మీసం కనిపిస్తే ఒడిపిలి కాదని గట్టిగా చెప్పవచ్చు. మీసం లేదని ఊద కాదనడం మాత్రం కుదరదు. "మీసం లేదు, అందుకని ఒడిపిలి" అని ముద్రవేసిన నమూనాల్లో మీసం లేని ఊద ఉండొచ్చు.

గింజ పండాక తాకితే రాలిపోతుంది. రాలిన కంకి తెస్తే కొలవడానికి ఏమీ మిగలదు. కంకి పచ్చగా ఉండి, నొక్కితే పాలు కారే దశ దాటిన వెంటనే కోయడం మంచిది.

కంకి లేకపోతే కుండీలో పెంచండి

అనుమానం తీరని మొక్కల్ని మట్టి వేళ్ళతో పెకలించి, 20 సెంటీమీటర్ల కుండీలో చేలో మట్టే వేసి నాటండి. పై ఆకులు సగం కత్తిరించి, రెండు రోజులు నీడలో ఉంచి, తర్వాత ఎండలోకి మార్చండి. మట్టి తడిగా ఉంటే చాలు, నీరు నిలవక్కర్లేదు. ఒడిపిలి మొలిచిన నెల నుంచి నెలన్నరలోపే కంకి తీస్తుంది. ఊద కాస్త ఆలస్యం చేస్తుంది. ఒక్కో కుండీకి ఒకే మొక్క నాటండి, రెండు పెడితే ఏ కంకి దేనిదో తెలియదు. గింజ రాలకముందే కోయడం మర్చిపోతే ఇంటి ముందే కలుపు పెంచుకున్నట్టు.

తేలాక ఏం చేయాలి

ఒడిపిలి అని తేలితే మొదట చేను చదును చూడండి. ఒడిపిలి గింజ మొలవడానికి వెలుతురు కావాలి, కాబట్టి అది నేల పై పొరలోంచే ఎక్కువగా వస్తుంది. లోతుగా పూడితే రాలేదు. నీరు నిలిచి ఉన్నా మొలవలేదు. అందుకే దమ్ము చేసి, చదును చేసి, నాటిన మూడో రోజు నుంచి అంగుళంన్నర, రెండు అంగుళాల నీరు కదలకుండా నిలబెట్టిన చేలో అది దాదాపు కనబడదు. కనబడిందంటే అక్కడక్కడా మెరక ఉండి నీటి మట్టం తగ్గినప్పుడు నేల బయటపడుతోందన్నమాట. ఆ గుంపులు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకుని, వచ్చే దమ్ములో ఆ చోట్లలోనే మట్టి కోసి పల్లంలోకి లాగండి. పొడి దుక్కిలో విత్తే వరిలో నీరు నిలబెట్టలేరు కాబట్టి, విత్తడానికి రెండు వారాల ముందు ఒక తడి ఇచ్చి, మొలిచిన దాన్ని పైపైన తిరగేసి చంపి, ఆ తర్వాత విత్తండి. తిరగేసేటప్పుడు లోతుగా దున్నితే కింది గింజలు పైకి వచ్చి పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఊద అని తేలితే నీరు ఒక్కటే చాలదు. ఊద మొలక పలుచటి నీటిలోంచి, బురదలోంచి కూడా పైకి రాగలదు. రెండు మూడు ఆకులొచ్చాక రెండు అంగుళాల నీరు దానికేం చేయదు. కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. నారుమడిలోనే ఊద ఉంటే నాటేవాళ్ళ చేతుల్లో వరి నారుతో పాటే అది దుబ్బుగా నాటుకుంటుంది. నారు తీసే రెండు రోజుల ముందు నారుమడిలో జిహ్విక లేని మొలకల్ని ఏరించండి. విత్తనంలో ఉంటే జల్లెడ పట్టండి: వడ్ల గింజ పొడవు 7, 8 మిల్లీమీటర్లు, ఊద గింజ 4 లోపు, కాబట్టి సరైన జల్లెడలోంచి అది కిందికి జారిపోతుంది.

మందుల దగ్గరికి వస్తే, ఒకే మందు రెంటి మీదా పనిచేసేవే ఎక్కువ. తేడా అంతా సమయంలో ఉంటుంది. నాటిన వరిలో ఎకరాకు ప్రెటిలాక్లోర్ 50 శాతం ఈసీ (ఈసీ, ఎస్‌సీ అంటే డబ్బా మీద రాసే ద్రవ మందు రకాలు) 500 మి.లీ. పొడి ఇసుక 20, 25 కిలోల్లో కలిపి, నాటిన 3 నుంచి 5 రోజుల మధ్య, పలుచగా నీరున్నప్పుడు చల్లాలి. ఆ నీరు బయటికి పోనివ్వకూడదు. పొడి దుక్కిలో విత్తితే పెండిమిథాలిన్ 30 శాతం ఈసీ లీటరు నుంచి లీటరుంబావు, 200 లీటర్ల నీటిలో, విత్తి తడి ఇచ్చిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉండగానే పిచికారీ చేయాలి. ఎండిన నేల మీద కొడితే పనిచేయదు. మొలిచాక 15 నుంచి 20 రోజుల మధ్య, గడ్డి 2 నుంచి 4 ఆకుల్లో ఉండగా, సైహలోఫాప్ బ్యుటైల్ 10 శాతం ఈసీ 300 నుంచి 400 మి.లీ. గానీ, బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం ఎస్‌సీ 100 మి.లీ. గానీ వాడతారు. ఏది కొట్టినా ముందు నీరు తీసి ఆకులు బయటపడేలా చేయాలి, కొట్టిన రెండు మూడు రోజులకు మళ్ళీ నీరు పెట్టాలి. ఒడిపిలి త్వరగా ముదురుతుంది కాబట్టి దానికి 15 రోజులకే కొట్టడం నయం. వారం ఆగితే పిలకలేసి కణుపుల్లో వేళ్ళు దింపుతుంది, అప్పుడు పైభాగం మాడి కింది నుంచి మళ్ళీ చిగురిస్తుంది. సైహలోఫాప్‌ను 2,4-డితో కలిపి కొట్టొద్దు. వెడల్పాకు కలుపు చావొచ్చు గానీ గడ్డి మీద సైహలోఫాప్ బలం తగ్గుతుంది.

వరి తర్వాత మాగాణి మినుములో కనిపించేది ఎక్కువగా ఒడిపిలే, ఎందుకంటే అక్కడ నీరు నిలవదు. గడ్డి 2, 3 ఆకుల్లో ఉన్నప్పుడు, అంటే చల్లిన 20 రోజులకు కాస్త అటూ ఇటూగా, ఎకరాకు ఫెనాక్సాప్రాప్-పి-ఇథైల్ 9 శాతం ఈసీ 250 మి.లీ. లేదా క్విజలోఫాప్-పి-ఇథైల్ 5 శాతం ఈసీ 400 మి.లీ., 200 లీటర్ల నీటిలో. నేలలో తడి లేకపోతే ఈ రెండూ సరిగా పనిచేయవు. డబ్బా మీది మోతాదు దీనికి భిన్నంగా ఉంటే డబ్బా మీదిదే పాటించండి.

ఏటేటా ఒకే మందు కొట్టకండి. ఈ రెండు గడ్డులూ ప్రపంచంలో అనేక చోట్ల కలుపు మందుల్ని తట్టుకోవడం నేర్చినవి. కొట్టిన రెండు వారాలకు కొన్ని మొక్కలు చావకుండా పచ్చగా నిలిస్తే, పక్కన అదే ఎత్తున్నవి చచ్చి ఉంటే, ఆ బతికినవాటిని చేత్తో పీకి, గింజ పడకముందే తీసేయండి.

కంకి తీసిన తర్వాత మందు కొట్టడం డబ్బు దండగ. కొడవలితో కంకులు కోసి నేరుగా సంచిలో వేసుకోండి. కోసినవి గట్టు మీద పడేస్తే పచ్చి గింజ కూడా అక్కడే ముదిరి రాలుతుంది, వాన పడితే కొట్టుకుని చేలోకే వస్తుంది. పశువులకు వేయాలంటే గింజ గట్టిపడకముందే వేయండి. ముదిరిన గింజల్లో కొన్ని అరగకుండా పేడలోంచి, పెంటలోంచి మళ్ళీ పొలానికే చేరతాయి.